పెద్దమామ పట్టుకున్న తీగ

మా ఎదురింటి పెద్దమామ పోయాడని మొన్న పొద్దున పాలు పోసే అతను చెప్పాడు. "నిద్రలనే పానం పోయిందట అక్కా" అన్నాడు. గిన్నె గడప మీదే పెట్టి ఎదురింటికి పోయాను. చుట్టరికం ఏమీ లేదు. హన్మకొండలో మా గల్లీకి కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచీ నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి.

ఎనభైల్లో మా గల్లీకి టీవీలు ఒక్కొక్కటిగా వచ్చాయి. యాంటెన్నా మాత్రం ఒక్కటే, పెద్దమామ డాబా మీద. వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం ఆయనది, పిచ్చి మాత్రం టీవీలది. అడిగిన ప్రతి ఇంటికీ అక్కడి నుంచే వైరు గుంజి ఇచ్చేవాడు. ఒకరిది ముందు తలుపులున్న పెట్టె టీవీ, మాది చిన్న డబ్బా, బియ్యం సేటుది ఒక్కటే కలర్. ఒకదానికి పట్టీ వైరు కావాలి, ఇంకోదానికి గుండ్రటి వైరు. పొంతన లేని వాటన్నింటినీ ఎట్లాగో అతికించి, చొక్కా జేబులో నల్ల టేపు చుట్ట వేసుకుని తిరిగేవాడు. సాయంత్రం కార్యక్రమాలు మొదలవగానే గల్లీ మధ్యలో నిలబడి "అందరికి కనవడ్తాందా?" అని అడిగేవాడు. అందరూ ఔనన్నాకే ఇంట్లోకి పోయేవాడు. ముందు నువ్వు చూడరాదా మామా అంటే, "నాకొక్కనికే బొమ్మ వస్తే ఏం మజా ఉంటది బిడ్డా" అనేవాడు.

భార్య చనిపోయాక ఒక్కగానొక్క కూతురికి సంగీతం చెప్పించి పెంచాడు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న ఆ పిల్లకు టీవీలో పాడే అవకాశం వచ్చింది. అక్కడ స్టూడియోలో పాడుతుంటే అదే నిమిషంలో ఇక్కడ కనబడుతుంది. తప్పిపోతే పోయినట్టే, మళ్లీ వేయరు. ఆ రోజు పెద్దమామ మధ్యాహ్నమే దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు.

పాటకు కాస్త ముందు గాలి లేచి జల్లు పడింది. అన్ని ఇళ్లలో బొమ్మ పోయి చుక్కలు మిగిలాయి. పెద్దమామ డాబా మీదికి పరుగెత్తాడు. యాంటెన్నా కింద అతుకు ఊడింది, తడికి టేపు అంటడం లేదు. తీగ కొసలు వేళ్లతో అదిమి పట్టుకుంటే బొమ్మ వచ్చింది, విడిస్తే పోయింది. మా ఆయన పైకి పోయి, "నేను వట్టుకుంట, నువ్వు కిందికి పో మామా" అన్నాడు. ఎంత అదిమినా మా ఆయన చేతిలో బొమ్మ నిలవలేదు. ఇళ్లలోంచి కేకలు. అప్పటికే టీవీలో పిల్ల పేరు చెబుతున్నారు.

"ఇటియ్యి రా, అందరికి పోతాంది" అని పెద్దమామ తీగ లాక్కున్నాడు.

పాటంతా అక్కడే నిలబడ్డాడు. గల్లీ అంతా ఆ పిల్లను చూసింది. ఆయన మాత్రం కిటికీల్లోంచి వచ్చిన గొంతు విన్నాడు.

దిగి వచ్చి నన్ను అడిగిన మొదటి మాట, "ఏం చీర కట్టుకున్నది బిడ్డా?"

మాది నలుపు తెలుపు డబ్బా. సేటు ఇంటికి పోయి కనుక్కుని వచ్చి, నెమలికంఠం రంగు, ఎర్రంచు అని చెప్పాను.

"వాళ్లమ్మది" అన్నాడు. మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్లకు టీవీ నుంచి మళ్లీ పిలుపు రాలేదు.

నిన్న ఆ పిల్ల, ఇప్పుడు తల నెరిసిన మనిషి, నా పక్కన కూర్చుని ఏడ్చింది.

"బాపు ఎప్పటికి గదే చెప్పేటోడు వదినా. అమ్మ నెమలికంఠం చీరల అచ్చం అమ్మ లెక్కనే కనవడ్డవు, రెప్ప కొట్టకుంట సూసిన అని. మంచిగ సూసిండు కదా?"

మా ఆయన లేచి వాకిట్లోకి పోయాడు. "సూసిండమ్మా, అందరికన్నా మంచిగ సూసిండు" అన్నాను.

ఆమె తల నిమురుతుంటే నాకు కనబడింది మాత్రం ఎదురు డాబా. ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి, రెండు చేతులతో తీగ పట్టుకుని, మా ఇళ్ల వైపు వంగి పెద్దమామ అడుగుతున్నాడు, "అందరికి కనవడ్తాందా?"