ఖాళీగా ఉండాల్సిన ఆరు అంగుళాలు

పోయిన వారం కడపలో మేముండే అపార్ట్‌మెంటు బోరు మోటారు కాలిపోయి రెండు రోజులు నీళ్లు రాలేదు. మూడో రోజు పొద్దున ట్యాంకరు వచ్చి గేటు దగ్గర ఆగితే ఇరుగుపొరుగు వాళ్లంతా పాత్రల కోసం వెతుక్కున్నారు. తిప్పితే వచ్చే నీళ్లకు అలవాటుపడిన ఇళ్లలో నీళ్లు పట్టిపెట్టుకునే సామాను ఎందుకుంటుంది? మా ఇంట్లో తేలినవి ఇవి: బక్కెట్లు రెండు, మగ్గు ఒకటి, పెద్ద కుక్కరు ఒకటి. అప్పుడు నాయన బాల్కనీ వైపు చెయ్యి చూపించి, "ఆ గాజు తొట్టి ఉండాది గదప్పా, అది తీ" అన్నాడు.

పాత పేపర్ల కట్టలు తీసేసి, దుమ్ము తుడిచి, ఆ తొట్టిని వరండాలోకి మోసుకొచ్చాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. లోపలి మూలల్లో ఉప్పు ఇంకా తెల్లగా కనిపిస్తోంది. ముందు గాజు మీద, అడుగు నుంచి సరిగ్గా తొమ్మిది అంగుళాల ఎత్తున, ఎర్రటి ఇన్సులేషన్ టేపు ముక్క అలాగే అంటుకుని ఉంది. ఎనిమిదేళ్ల కింద కర్నూలు ఇంట్లో నా చేతులతో కట్టిన తొట్టి అది.

ఆ ఇంట్లో ఉప్పునీటి చేపలను పెంచింది మా అన్న. రెండేళ్లు చెన్నైలో పనిచేసి తిరిగొచ్చేటప్పుడు బట్టల పెట్టె కంటే భద్రంగా ఒడిలో పెట్టుకుని తెచ్చిన సంచిలో, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు ఉన్నాయి. మూడడుగుల అద్దాల తొట్టి కొని, క్యాను నీళ్లలో సముద్రపు ఉప్పు పొడి కలిపి, వాటిని అందులో వదిలాడు. కర్నూలు ఎండకు నీళ్లు ఆవిరై ఉప్పు ఎక్కువవుతోందని, వెనక తగిలించిన చిన్న ఫిల్టరు చాలడం లేదని, తొట్టి కింద ఇంకో తొట్టి పెట్టి నీళ్లను తిప్పుతానని అంటుండేవాడు. ఆ కింది తొట్టినే సంపు అంటారు. పై తొట్టి నీళ్లు పైపు గుండా అందులోకి దిగి, వడపోత అయి, మోటారుతో తిరిగి పైకి పోతాయి. దాని బొమ్మ ఒకటి ఎవరిదో పెళ్లిపత్రిక వెనక గీసిపెట్టుకున్నాడు. కట్టకముందే ఒకరోజు బండి మీద డోన్ వైపు పోయి తిరిగి రాలేదు.

నేను ఏడవలేదు. అప్పటికి మెకానికల్ డిప్లొమా పూర్తయి ఖాళీగా ఉన్నాను. కర్మకాండకు కావలసినవన్నీ రాసుకుని, తెచ్చినవాటికి ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ తిరిగాను. మా మేనత్త అందరూ వినేలా, "వీనికి లోపల గుండె ఉండాదా, బండ ఉండాదా?" అన్నది. నాకూ తెలియలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లుకుంటే ఎవరినో గిల్లినట్టు ఉంటుంది చూడండి, ఆ నెలలన్నీ అట్లాగే ఉండేది.

నాయన సంగతి వేరు. మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కర్నూలులో కొళాయి రెండు రోజులకోసారి వచ్చేది. ఆ పొద్దున ఇల్లంతా నాయన రాజ్యం. భుజం మీద తువ్వాలు, చేతిలో పచ్చపైపు. బాన, డ్రమ్ములు, బిందెలు, చెంబులు, చివరికి పూజగదిలోని పంచపాత్ర దాకా అన్నీ అంచుకు నిండాలి. నీళ్లు వచ్చిన రోజు ఇంట్లో ఖాళీ పాత్ర కనిపిస్తే ఆయనకు ఇంటి తలుపు తెరిచి నిద్రపోయినట్టే. ఆయన చిన్నతనం కోసిగి పక్క పల్లెలో గడిచింది. బిందెడు నీళ్లకు ఎంతదూరం నడిచాడో మాకు చాలాసార్లు చెప్పాడు. అన్న పోయాక ఆ మనిషి మంచానికి అతుక్కుపోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొళాయి వచ్చి పోతున్నా లేచేవాడు కాదు. అమ్మే అందినకాడికి పట్టేది. అట్లా ఐదు నెలలు.

ఈలోగా చేపలకు మేత వేసే పని నా మీద పడింది. నీళ్లు మసకబారుతున్నాయని గమనించి, సొరుగులో అన్న వస్తువులు చూస్తే ఆ పెళ్లిపత్రికా, గాజుకు బెజ్జం వేసే వజ్రపు పొడి బిట్టూ దొరికాయి. చేపలు బతకాలని అప్పుడు నాకు అనిపించింది. అన్న చేతి మేత తిని బతికిన ప్రాణులు అవి మరి.

గాజు కోయించడానికి అన్న స్నేహితుని తండ్రి, అద్దాల అంగడి చాచా దగ్గరికి పోయాను. బొమ్మ చూసి ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "ఏందప్పా, తాగే నీళ్లకే ఈడ గతి ల్యా. నువ్వు ఇంట్లోకి సముద్రాన్ని తెస్తాండావా?" అన్నాడు. బొమ్మ గీసింది అన్న అని చెప్పాను. గాజు కోసి, అంచులు చేత్తో రుద్ది, బెజ్జం వేసే రోజు తానే ఇంటికొచ్చాడు. పై తొట్టి ఖాళీ చేసి, చేపలను బక్కెట్టులో ఉంచి, వెనక గాజు చుట్టూ మైనంతో చిన్న గట్టు కట్టి, అందులో నీళ్లు పోసి బిట్టు తిప్పాం. పగలకుండా గుండ్రటి బిళ్ల ఊడి పడినప్పుడు చాచా నాయన మంచం వైపు తిరిగి, "సూసినావా అన్నా, నీ చిన్నోని చెయ్యి?" అన్నాడు. నాయన కదల్లేదు.

మిగతా పని పన్నెండు రోజులు పట్టింది. సంపులో గాజు అడ్డాలు నిలబెట్టి మూడు గదులు చేశాను. మొదటి గదిలో దూదిపొర, రెండోదాంట్లో రాళ్లు, మూడోదాంట్లో మోటారు. పై తొట్టి బెజ్జానికి, పైపు తగిలించుకునే ట్యాంకు నిపుల్ బిగించి, అంగుళం పైపు కిందికి దింపి, మధ్యలో ఒక వాల్వు పెట్టాను. పైకి పోయే పైపుకు, పై తొట్టి నీటిమట్టానికి కాస్త కిందుగా చిన్న చిల్లు వేశాను. కరెంటు పోతే పైపు నీళ్లను వెనక్కి పీల్చేస్తుంది. మట్టం చిల్లు దాకా దిగగానే గాలి దూరి ఆ పీల్చుడు ఆగుతుంది. అప్పటిదాకా పైనుంచి దిగిన నీళ్లకు సంపులో చోటుండాలి. అందుకే నోటుబుక్కులో రాసుకున్నాను: నడిచేటప్పుడు మట్టం తొమ్మిది అంగుళాలు, పైన ఆరు అంగుళాలు ఖాళీ. పదిసార్లు స్విచ్చి ఆపి చూశాను. పదిసార్లూ నీళ్లు అంచుకు అంగుళం కిందనే ఆగాయి. సంతోషించాల్సిన చోటు అదేనని తెలుసు. అయినా మనసు కదల్లేదు. చేపలను వదిలి, చేతులు కడుక్కుని, అన్నం తిన్నాను.

నెలన్నర అంతా సవ్యంగా నడిచింది. నీళ్లు ఎంత తేటపడ్డాయంటే చేపలు గాలిలో ఈదుతున్నట్టుండేవి. అప్పుడు కడపలో పంపుల కంపెనీ వాళ్లు ఉద్యోగం ఇంటర్వ్యూకు పిలిచారు. తెల్లవారుజామునే బస్సెక్కాను. ఆ రోజు కొళాయి వచ్చే రోజు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాకిలి నుంచి వంటింటి దాకా అన్నీ నిండి ఉన్నాయి. డ్రమ్ములు, బిందెలు, చెంబులు, పూజగదిలో పంచపాత్ర. నాయన గుంజకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, భుజం మీద తువ్వాలు. నన్ను చూసి, "కరెంటు మూడు తూర్లు పోయినాదప్పా. నీ కింది తొట్టి ఊరికే తగ్గుతా ఉన్న్యాది. నేనే పోసుకుంటా వచ్చినా. ఖాళీ పెట్టల్యా" అన్నాడు. ఐదు నెలల్లో ఆయన నోట వచ్చిన మొదటి పెద్ద మాట అది.

ఏం జరిగిందో నిలబడిన చోటే అర్థమైంది. ఖాళీ చోటును ఆయన కొళాయి నీళ్లతో నింపాడు. కరెంటు పోయినప్పుడు పైనుంచి దిగిన ఉప్పునీళ్లు పొర్లి నేలపాలయ్యాయి. నీళ్లరోజు కాబట్టి తడినేలను ఎవరూ పట్టించుకోలేదు. కరెంటు వచ్చాక మట్టం తగ్గితే మళ్లీ నింపాడు. మూడు తడవలకు ఉప్పు పలచబడింది, కొళాయి నీళ్లలోని క్లోరిన్ చేరింది. పై తొట్టిలో రెండు చేపలూ పక్కకు వాలి, అడుగున రాళ్ల మధ్య పడి ఉన్నాయి.

అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తోంది. దగ్గరికి పోతే గొంతు తగ్గించి, "లేసినాడు నాయనా. పైపు పట్టుకున్న్యాడు. వద్దని ఎట్ల జెప్పేది?" అన్నది.

నాయన కూడా లేచొచ్చి తొట్టిలోకి వంగి చూశాడు. "నేను జేసిన పనేనా అప్పా?" అని అడిగాడు. పచ్చపైపు పట్టిన ఆ చెయ్యి మళ్లీ మంచం పట్టెను పట్టుకోవడానికి 'అవును' అన్న ఒక్క మాట చాలు. నేను పైకి పోయే పైపు చూపించి, చిల్లు తప్పు చోట వేశానని, నీళ్లు తిరగక చేపలకు ఊపిరాడలేదని, తప్పు నాదేనని చెప్పాను. వరసగా, కారణాలతో సహా చెప్పాను. ఆయన తలూపి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. రెండు రోజుల తర్వాత కొళాయి వస్తే మళ్లీ లేచాడు. ఆ తర్వాత మానలేదు.

చేపలను కానగ చెట్టు కింద పూడ్చి వచ్చి, ఏమీ తోచక, జరిగిన తప్పులను నోటుబుక్కులో రాశాను. ఒకటే తేలింది. ఎక్కడిదాకా నీళ్లుండాలో పుస్తకంలో రాసుకున్నాను గాని గాజు మీద గుర్తు పెట్టలేదు. ఇంట్లో మిగతావాళ్లకు అదెట్లా తెలుస్తుంది? లేచి, స్కేలుతో కొలిచి, తొమ్మిది అంగుళాల దగ్గర ఎర్రటి టేపు ముక్క అంటించి, దాని మీద పెన్నుతో 'ఇంతవరకే' అని రాశాను. చేపలు లేని తొట్టికి గుర్తెందుకని నాకు తట్టలేదు. లోపం కనిపిస్తే సరిచేయడం నా అలవాటు, అంతే.

ఉద్యోగం వచ్చి, అందరం కడపకు మారాం. ఆ తొట్టిలో మళ్లీ ఎవరూ నీళ్లు పోయలేదు. పోయిన వారమే మొదలు.

గేటు నుంచి వరండా దాకా లాగిన ట్యాంకరు పైపును నాయన నా చేతిలోంచి తీసుకుని తొట్టిలో పెట్టాడు. నీళ్లు లేచాయి. నాలుగు అంగుళాలు, ఆరు, ఎనిమిది. గేటు దగ్గర జనం తొందరపెడుతున్నారు. టేపును తాకగానే నాయన పైపు మడిచి పట్టుకున్నాడు.

"చాలప్పా. పైన కొంచెం ఖాళీ ఉండనీ" అన్నాడు.

నేను ఆయన ముఖం వైపు చూడలేదు. ఆయనా చూడలేదు. పైపు తప్పని చెప్పిన గంటలోపే నేను గాజు మీద 'ఇంతవరకే' అని రాసిపెట్టానన్నది నాకు ఎనిమిదేళ్లకు తట్టింది. ఆయన దాన్ని మరుసటి పొద్దునే చదివి ఉంటాడు. చదివి, తప్పు ఎవరిదో తెలిసి కూడా, రెండు రోజుల తర్వాత కొళాయి వస్తే లేచాడు.

ఇప్పుడు కర్నూలు ఇంటి వీధిలోనూ కొళాయి రోజూ వస్తోందట. పచ్చపైపులు, బానలు, నీళ్లరోజు కేకలు ఏవీ లేవని అక్కడివాళ్లు చెబుతున్నారు. మంచిదే. కాకపోతే పొద్దున్నే నాయన వరండాలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, నింపడానికి ఆయనకు ఏదైనా ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వడానికి మా దగ్గర ఏమీ ఉండదు.

ఆ పొద్దున మాత్రం బక్కెట్లు మిగిలి ఉన్నాయి. వాటిని ఆయన అంచు దాకా నింపాడు.