ఖాళీ కాంటా

గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు ఉండాల్సినదానికంటే వేగంగా తిరుగుతుంటాయి. కనబడే పదార్థం ఆ వేగానికి చాలదు. అందుకని కనబడని కృష్ణ పదార్థం ఏదో ఉందని ఎక్కువమంది అంటారు. ఇంతవరకు అది ఎవరి చేతికీ చిక్కలేదు. కొద్దిమంది మాత్రం, లేనిదాన్ని కలపకండి, ఆకర్షణ మరీ బలహీనమైన చోట సూత్రమే మారుతుందేమో చూడండి అంటారు. విశ్వ విస్తరణ వేగం పెరుగుతున్నట్టు కనబడడానికి కృష్ణ శక్తి అనే మరో కనబడనిది అక్కర్లేదనీ, నక్షత్రాలు లేని శూన్యాల్లో కాలం వేరుగా నడుస్తుందనీ అనేవాళ్లూ ఉన్నారు. రాయచూరులో డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ కొద్దిమందిని ఒక్క వాక్యంలో కొట్టిపారేసేవాణ్ణి. పాత సూత్రం మీద చెయ్యి వేయడం నాకు మర్యాదగా తోచేది కాదు.

మా తాతకు రెండు జిన్నింగ్ మిల్లులుండేవి. నా కాలానికి రాయచూరు దగ్గరి కవితాళలో ఒక పత్తి గోదాము, ఆయన కాంటా మిగిలాయి. దసరాకు దాని బల్ల కింద పసుపు, కుంకుమ, నూనె పూసేవాళ్లం. కడగడం అరిష్టం. ఖాళీగా చూడడం మరీ అరిష్టం, అందుకని బల్ల మీద ఎప్పుడూ ఒక పత్తి మూట ఉండేది. కొత్తది ఎక్కాకే పాతది దిగేది.

ఒక ఏడు, రైతులు తెచ్చిన చిన్న చిన్న మూటలు తూచి లారీకెత్తితే రాయచూరు మిల్లులో బరువు ప్రతిసారీ తగ్గింది. తాళాలు మార్చాం, కాపలా పెట్టాం. దొంగ కనబడలేదు. గోదాములోకి మేం కాక వెళ్లేది ఒక్క హమాలీ. తాత కాలం నుంచి మూటలు మోస్తున్నవాడు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి తమ్ముడు అతన్ని కింద పడేసి తన్నుతున్నాడు. ముక్కులోంచి కారిన రక్తం పత్తికి అంటుకుంది. తమ్ముడు నన్ను చూసి నవ్వాడు.

"క్లాసుల చెప్తవు గదా అన్నా, కనపడనిది గూడ ఉంటదని. ఇగో, నీ కనపడనోడు."

హమాలీ లేచి కాంటా పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కసారి ఖాళీ కాంటా సూడండి సావుకారీ."

మా తాత కాంటానే అతను అనుమానించాడు. తమ్ముడు తన్నినప్పుడు ఊరకే నిలబడ్డ నేను, ఆ మాటకు అయిదు కిలోల తూకపు రాయి ఎత్తి బల్ల మీదున్న అతని కుడిచేతి మీద దించాను. ఎముకలు విరిగిన చప్పుడు వినబడింది. మళ్లీ దించాను. అతను పడుతూ పత్తి మూటను కూడా లాక్కుని పడ్డాడు.

ఖాళీ అయిన కాంటా ముల్లు సున్నాకు రాలేదు.

బల్ల తిప్పి చూశాం. నూనె, కుంకుమ, పత్తి దూది కలిసి అరచేతి మందాన గట్టిపడి ఉన్నాయి. పెద్ద బోరెం గోనెసంచిలో ఆ బరువు లెక్కలోకి రాదు. చిన్న మూటలకు మాత్రం ప్రతిదానికీ చేరుతూ వచ్చింది. ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదు. లేని పత్తినే మేం పోయిందనుకున్నాం.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. నెల తర్వాత అతని ఇంటికి వెళ్లాను. క్షమించమనడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. గడప ముందు నిటారుగా నిలబడి, నన్ను కొట్టమన్నాను.

అతను కట్టు విప్పిన చేతిని చూసుకున్నాడు. మూడు వేళ్లు ముడుచుకోవడం లేదు.

"కొట్టుడు మీ ఇంటి పని సావుకారీ. మోసుడు నాది. అది పోయింది."

లోపలికి రమ్మనలేదు. ఎండలో చాలాసేపు అలాగే నిలబడ్డాను.