కొంగు దించి కూర్చున్నాను

నోరు మూసుకోవడం నేర్చుకోవడానికి నెల్లూరు దాకా వెళ్ళొచ్చానంటే మా నాయుడుపేటలో ఎవరూ నమ్మలేదు. నిద్రపట్టక, బీపీ దిగక, డాక్టరు చెప్పగా వెళ్ళి ధ్యానం నేర్చుకున్నాను. ఆదివారం చర్చి మెట్ల దగ్గరే మా స్త్రీల కూడిక పెద్దామె పట్టుకుంది.

"ఏమ్మే, మన ప్రార్థన చాలకపోయిందా నీకు?"

"ప్రార్థనలో నేను మాట్లాడతా అక్కా, దీంట్లో నోరు మూసుకుంటా. ఏది మేలో మా ఇంటాయన్ని అడుగు."

ఆమె నవ్వలేదు. ఆ తర్వాత కూడికలో నన్ను వాక్యం చదవమనడం మానేశారు. పోతే పోయిందిలే అనుకున్నాను గానీ, నా వంతుకు బైబిలు నన్ను దాటి పక్కామె చేతికి పోతుంటే ఆ వాక్యాన్ని లోలోపలే చదువుకునేదాన్ని.

నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మార్కులు తగ్గి అన్నం మానేసినవాళ్ళూ, కోపమొస్తే గోడను గుద్దేవాళ్ళూ నా కళ్ళ ముందే ఉన్నారు. అలాంటివాళ్ళను కొందరిని సాయంత్రాలు మా మేడమీది గదిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. ఊపిరిని గమనించడమే తప్ప మంత్రం లేదు, దేవుడి పటం లేదు. ఒక్కటి మాత్రం ఉంది. కళ్ళు మూయగానే నా చెయ్యి దానంతటదే కొంగును తలమీదికి లాగుతుంది. మా ఆడవాళ్ళం తల కప్పుకోకుండా ప్రార్థించం. మా అమ్మ చేసిన అలవాటు. ఇది ధ్యానం, అది ప్రార్థన అని చేతికేం తెలుసు?

సముద్రం వైపు పల్లెలో వరి పండించుకునే ఒకామె తన కూతుర్ని తీసుకొచ్చింది. హాస్టల్లో చదివిన పిల్ల. పుస్తకం ముందు కూర్చుంటే తన వెంట్రుకలు తానే పీక్కుంటుంది. చెవి పైన అరచేయంత మేర నున్నగా అయిపోయింది. అందుకే ఎప్పుడూ తలమీద చున్నీ. వాళ్ళ నాయనకు తెలియదు. తెలియనివ్వొద్దని ఆ పిల్ల నా దగ్గర మాట తీసుకుంది. మొదటిరోజు గుమ్మంలోనే ఆగి, కొంగు కప్పుకున్న నన్ను చూసి, వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పోనుపోను ఆ చేతులు ఒళ్ళో కదలకుండా ఉండడం నేర్చుకున్నాయి.

ఒకరోజు పిల్లను తీసుకెళ్ళడానికి తండ్రి ముందుగానే వచ్చి మా ఇద్దరి తలలూ చూశాడు.

"ఏంది మేడమ్, ధ్యానమని చెప్పి ప్రార్థన చేపిస్తా ఉండారా? ఇంట్లో గూడా చున్నీ తియ్యదేందా అనుకుంటి, నా బిడ్డ నెత్తిన ముసుగేసినారే!"

"నేనెయ్యలేదన్నా."

"మరెవురేసినారు?"

జవాబు నాలుక చివరే ఉంది. పిల్ల నా వైపు చూసింది. ఎవరితోనైనా వాదించి గెలుస్తానని పేరున్నదాన్ని, ఊరుకున్నాను.

"ముసుగులు తీసి కూర్చుంటే పంపిస్తా. లేకుంటే లేదు" అన్నాడు.

మర్నాడు కొంగు నడుముకు దోపుకుని కూర్చున్నాను. మెడకు గాలి తగులుతుంటే నలుగురిలో సిగ్గు విడిచినట్టుంది. తండ్రి మెట్లమీద నిలబడి చూస్తున్నాడు. పిల్ల నా తల చూసింది, తన చున్నీ గట్టిగా పట్టుకుంది, కడుపునొప్పంటూ వెనక్కి తిరిగింది.

కొద్దిరోజులకు తల్లి ఫోన్లో ఏడ్చింది. "కనుబొమ్మల మీదికి గూడా చెయ్యి పోతా ఉంది మేడమ్."

"డాక్టరుకు చూపించమ్మా."

"ఆయనకి చెప్పకుండా యాడికి పొయ్యేది?"

అప్పుడు అన్నాను, బైబిలు చదవకుండా నిద్రపోని ఇంట్లో పుట్టినదాన్ని: "కొండకు మొక్కుందని చెప్పు. నువ్వొక్కదానివే దగ్గరుండి గుండు చేయించు. చందనం రాస్తే మచ్చ కనపడదు."

"మీరేనా మేడమ్ చెప్పేది?"

"నేనే. పాపకివ్వు."

గుండు మాట చెప్పగానే "ఉంటే గదా మేడమ్ పీక్కునేది" అని ఆ పిల్ల నవ్వింది. దాని నవ్వు వినడం అదే మొదలు.

తిరుమల నుంచి వచ్చాక తండ్రే వెంటబెట్టుకొచ్చాడు. "మీరే చెప్పినారంట. నేను ఏందేందో అనుకుంటి. తీసుకోండి మేడమ్" అని లడ్డూ చేతిలో పెట్టాడు. మా ఇళ్ళలో ప్రసాదం తినం. చందనం పూసిన గుండుతో, చున్నీ భుజాన వేసుకుని ఆ పిల్ల నన్నే చూస్తోంది. తిన్నాను.

ఆదివారానికల్లా సంగతి చర్చికి చేరింది. పెద్దామె మళ్ళీ మెట్ల దగ్గరే ఆపింది.

"కొండకి పొమ్మని నువ్వే చెప్పినావంటనే? ప్రసాదం గూడా తిన్నావంట?"

"తిన్నా అక్కా."

"ఎందుకే?"

ఎందుకో చెబితే ఆ పిల్ల గుట్టు చెప్పినట్టే. "తియ్యగా ఉండింది, తిన్నా" అన్నాను. నేను బైబిలు కథలు చెప్పే సండే స్కూల్ పిల్లల్ని కూడా నా దగ్గర్నుంచి తీసేశారు.

పేరు రాయకుంటే రాసుకోమని ఆ పిల్లే అంది కాబట్టి రాస్తున్నాను. డాక్టరు విషయమై తల్లితో ఇంకా పోట్లాడుతూనే ఉన్నాను. పండగ పోనీండి, కోతలు కానీండి అంటుంది. గుండుమీద జుట్టు మాత్రం ఎవరి కోసమూ ఆగడం లేదు. మెత్తగా, నల్లగా, వేళ్ళకు దొరికేంత వచ్చేసింది.

సాయంత్రం అందరినీ కళ్ళు మూసుకోమంటాను. నేను మూసుకోను. ఒళ్ళో ఉన్న ఆ పిల్ల కుడిచేతినే చూస్తూ కూర్చుంటాను.