క్యాంటీనులో జొన్న సంకటి

డ్యాం కడుతున్న రోజుల్లో విజయపురి సౌత్‌లో కూలీల క్యాంటీనుకు నేను గుమాస్తాని. ఉద్యోగం చిన్నదే గాని, కోపం మాత్రం ఇంజనీరుకు సరిపడేంత ఉండేది.

రాళ్ళు మోసేవాళ్ళలో చాలామందికి కాళ్ళు వాస్తున్నాయి. మూడు పూటలా మరపట్టిన తెల్ల బియ్యం, గొడ్డుకారం, అంతే వాళ్ళ తిండి. తవుడు పోయిన ఆ అన్నం వల్లే ఒంటికి నీరు పడుతోందని డాక్టరు తేల్చి, మధ్యాహ్నం క్యాంటీనులో జొన్న సంకటి, ఆకుకూర పప్పు ఊరికే పెట్టించాడు. బోర్డు రాసింది నేనే. దండోరా వేయించిందీ నేనే.

మొదటిరోజు వచ్చినవాళ్ళు సంకటి ముద్ద చూసి వెనక్కి తిరిగారు. బయట కూచుని ఎవరి సత్తుగిన్నె వాళ్ళు విప్పుకున్నారు.

వాళ్ళలో బెల్లంకొండ దగ్గరున్న మా ఊరి మామ ఒకడు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిరునాళ్ళకు తీసుకెళ్ళినవాడు. అతని పాదం వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. తిండి మార్చకపోతే గుండెకే ముప్పని డాక్టరు నాతో చెప్పాడు.

"మామా, మొండికేయబాక. సంకటి తిను," అన్నాను.

"ఒరేయ్, పుట్టినకాణ్ణించి జొన్న కూడే గదరా. పండక్కే తెల్లన్నం. ఆ కూడు తినలేకే గదా ఈడకొచ్చి రాళ్ళు మోస్తంది. ఈడా అదే పెడతారా?" అన్నాడు. నా మొహంలోకి చూసి, "నువ్వేంది తింటన్నావ్?" అని అడిగాడు.

స్టాఫ్ మెస్సులో నేను తినేదీ తెల్లన్నమే. కాకపోతే పక్కన పప్పూ కూరా పెరుగూ ఉండేవి. ఆ ఒక్క పూట అతని పక్కన కూచుని సంకటి తిని ఉంటే తనూ తినేవాడేమో. తోటి గుమాస్తాలు నవ్వుతారని నామోషీ అడ్డొచ్చింది. "నీ ఖర్మ" అని విసురుగా వచ్చేశాను.

నెల తిరక్కుండానే, తినేవాళ్ళు లేరని సంకటి ఆపేశారు. బోర్డు తుడిచిందీ నేనే.

వానలు మొదలయ్యేసరికి మామ మంచం పట్టాడు. చూడ్డానికి వెళ్తే, గుడిసెలో అత్త అతనికి పాలు కలిపిన తెల్లన్నం తినిపిస్తోంది. ఆయాసపడుతూనే నవ్వాడు.

"మా నాయన జొన్న కూడు తింటానే పోయాడ్రా. నేను తెల్లన్నం తింటా పోతన్నా. చానా నయం గదంట్రా?"

మూడో రోజున పోయాడు. మట్టి చేసి వచ్చి, స్నానం చేసి మెస్సుకు వెళ్ళాను. సిగ్గు లేకుండా ఆకలి వేస్తూనే ఉంది. తెల్లన్నం వడ్డించారు, తిన్నాను.