మైపాడులో నేను ఓడించిన పాస్టరు

ఒక మనిషి నలభై నిమిషాల్లో తన పరువును ఎంత లోతున పాతిపెట్టుకోగలడో మీకు తెలుసా? నాకు తెలుసు. పాతినవాణ్ణి నేనే. గొయ్యి తవ్వుతున్నంతసేపూ నేను కోట కడుతున్నాననే అనుకున్నాను.

పదేళ్ళ కిందటి మాట. నెల్లూరులో ఒక కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి. జీవపరిణామ సిద్ధాంతం మీద మతం వాళ్ళూ పండితులూ చేసే విమర్శలకు తత్వశాస్త్రం ఏం జవాబు చెబుతుందో నాలుగేళ్ళు చదివి, ఒక లావుపాటి వ్యాసం రాసి పట్టా పుచ్చుకున్నాను. జవాబులన్నీ నా దగ్గరున్నాయి. అడిగేవాడే లేడు. కొత్త గొడుగు కొన్నవాడు మబ్బు కోసం చూసినట్టు నేను విమర్శకుడి కోసం ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి.

మా వీధిలో సునందక్క ఉండేది. రోజూ బస్సులో మైపాడు వెళ్ళి హైస్కూల్లో బయాలజీ చెప్పేది. ఒకరోజు దిగులు మొహంతో మా ఇంటికి వచ్చింది.

"పదో తరగతిలో జీవపరిణామం పాఠం మొదలుపెట్టినా. ఆ పాఠం చెప్పొద్దంటా కొందరు అర్జీ రాస్తా ఉండారు. చెప్తే నన్ను వేరే ఊరికి మార్పించమంటారంట."

"ఎవరు రాయిస్తున్నారు?"

"పాస్టరుగారికి ఒప్పుదల లేదని ఆయన సంఘం వాళ్ళు. ఆయన మంచాయనే. శనివారం చర్చి హాల్లోనే కూర్చుని మాట్లాడుకుందాం, తెలిసినోళ్ళుంటే పిలుచుకు రామ్మా అన్నాడు. నువ్వొచ్చి నెమ్మదిగా చెప్పు నాయనా. నెమ్మదిగా."

ఆమె ఆ మాట రెండుసార్లు అంది. నాకు ఒక్కసారి కూడా వినబడలేదు.

శనివారం మధ్యాహ్నం హాలుకు చేరేసరికి సునందక్క లేదు. తల్లిదండ్రుల్ని పిలవడానికి ఇంటింటికీ వెళ్ళిందట. లుంగీ, బనియన్‌తో ఒకాయన చెమటలు కక్కుతూ ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నాడు. నన్ను చూసి నవ్వి, చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

నీళ్ళు తాగి, ఆయన భుజం మీద చెయ్యి వేసి రహస్యంగా అన్నాను. "చూడన్నా, మీ పాస్టరుగారికి ఇవాళ నోట మాట రాకుండా చేస్తాను."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. "అట్నే కానీండి సార్. ఆయనక్కూడా అప్పుడప్పుడూ అవసరమే" అని మళ్ళీ కుర్చీలు వేసుకున్నాడు.

మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు.

జనం వచ్చారు. ముందు వరసలో తెల్ల చొక్కా, కళ్ళద్దాలు, ఒళ్ళో నల్ల అట్ట పుస్తకంతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఇంకెవరు, పాస్టరే! మైకు అందుకున్నాను. "ఇది ఊహే కదా అంటారు మీరు!" అని ఆయన వైపు వేలు చూపించాను. "సైన్సులో సిద్ధాంతమంటే ఊహ కాదు! మీ ఒళ్ళోని పుస్తకాన్ని కాసేపు పక్కన పెట్టండి!" ఆయన బిత్తరపోయి దాన్ని పక్క కుర్చీలో పెట్టాడు. నేను రెచ్చిపోయాను. ఆడవాళ్ళ వైపు నుంచి సునందక్క రెండు చేతులూ ఊపుతోంది. మెచ్చుకుంటోంది కాబోలు అనుకుని గొంతు ఇంకా పెంచాను.

నలభై నిమిషాల తర్వాత పెద్దాయన లేచి చేతులు జోడించాడు.

"సార్, నన్నెందుకు తిడతా ఉండారు? నా పేరు పోలయ్య. గంగమ్మకు మొక్కేవాణ్ణి. అది పడవల సంఘం రిజిస్టరు. మనవరాలు పదో తరగతి, దాని కోసం వచ్చినా."

హాలంతా ఘొల్లుమంది. వెనక నుంచి కుర్చీలు వేసినాయన ముందుకు వచ్చాడు. ఇప్పుడు చొక్కా వేసుకుని ఉన్నాడు.

"పాస్టర్ని నేను సార్."

నేను మైకు దించేశాను. ఆయన మొహంలో మాత్రం ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"పెద్ద చదువులోళ్ళు కూడా ఇందులో ఒక తిరకాసు ఎత్తి చూపిస్తారంట గదా. తగినది బతుకుద్ది అంటారు. ఏది తగిందయ్యా అంటే బతికింది అంటారు. ఇది ఒక్క మాటనే తిప్పి చెప్పడం కాదా?"

నా వ్యాసంలో మూడో అధ్యాయమంతా దీనికి జవాబే. నోరు తెరిచాను. "అర్హత అనేది సంభావ్యతాత్మక ప్రవృత్తి..." అని ఏదో వచ్చింది. ఎవరికీ అర్థం కాలేదు. సునందక్క తల దించుకుంది. ఆమె ఉద్యోగం సంగతి తేలే చోట నేను గొప్పలకు పోయి నలభై నిమిషాలు తినేశానని అప్పుడు తెలిసింది.

పోలయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. పాస్టరుగారి వైపు తిరిగాడు.

"అయ్యగారూ, వల వెయ్యకముందే ఏ చేప తప్పించుకుంటుందో నేను చెప్తా. వల కన్ను వేలెడుంటే వేలంత చేప పోద్ది, చెయ్యంత చేప పడుద్ది. తప్పించుకుంది కాబట్టి చిన్నదంటామా? చిన్నది కాబట్టి తప్పించుకుంది. ముందే చెప్పినప్పుడు తిప్పి చెప్పడం ఎట్టయిద్ది?"

జనం వైపు తిరిగి మళ్ళీ అందుకున్నాడు.

"మా నాయన కాలంలో మూరెడు పెరిగితే గాని గుడ్లు పెట్టని చేప, ఇప్పుడు జానెడుకే పెడతా ఉంది. పెద్దయ్యేవన్నీ మనమే పట్టేసినాం. చిన్నగా ఉన్నప్పుడే పిల్లల్ని కన్నవే మిగిలినాయి. వాటి పిల్లలూ అట్నే ఉండాయి." నా వైపు తిరిగాడు. "మీరు చెప్పే పాఠం ఇదేనా సార్?"

"ఇదే" అన్నాను.

పాస్టరుగారు సునందక్కను అడిగాడు. "వల వేసింది ఎవరో ఆ పాఠంలో ఉందా అమ్మా?"

"లేదు అయ్యగారూ. ఎవరూ లేరనీ లేదు."

"అట్టయితే నువ్వు చెప్పుకో. నాకు ఒప్పుదల అని కాదు. ఆ మిగతాది ఆదివారం నేను చెప్పుకుంటా." అర్జీ కాగితం తెప్పించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సునందక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పోలయ్య దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. "పోనీండి సార్, గొంతు మాత్రం బాగుంది" అన్నాడు. పాస్టరుగారు బస్సు దాకా వచ్చాడు. ఆయన్నీ క్షమించమని అడిగాను. ఆయన గంభీరంగా అన్నాడు.

"వచ్చే నెల బుచ్చిరెడ్డిపాలెంలో పాస్టర్ల సభ ఉంది. రండి సార్. అక్కడ అందరం పాస్టర్లమే. ఎవర్ని తిట్టినా గురి తప్పదు."

బస్సెక్కి, కిటికీ చువ్వ పట్టుకుని ప్రమాణం చేశాను. ప్రాణమున్నంత వరకు పరిణామ సిద్ధాంతాన్ని సమర్థిస్తాను. అయితే ముందు ఎదుటి మనిషి పేరు అడిగి, ఆయన చెప్పేదంతా విన్నాకే నోరు తెరుస్తాను. పదేళ్ళుగా ఆ మాట తప్పలేదు. అందరూ చెప్పేది వినేసరికి నా వంతు రాకుండానే సభ ముగిసిపోతోంది.