పెద్దశెట్టి వదలని ఫైలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కంప్యూటర్ మొండికేసిందంటే కారణం వదులైన వైరో, పోయిన కరెంటో, దాని ముందు కూర్చున్న మనిషి తెలివో అయి ఉంటుంది. ఇన్నేళ్లుగా అదే నమ్మి అన్నం తింటున్నాను. వేంపల్లెలో జరిగినదొక్కటే ఆ లెక్కకు అందదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, తెలిసినవాళ్లుంటే కారణం చెప్పండి.

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతంలో కడప నుంచి బస్సులో తిరుగుతూ అంగళ్లకు బిల్లుల ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ణి. వేంపల్లె బజారులో సగం అంగళ్లలో నా ప్రోగ్రామే. వాటిలో పెద్దది పెద్దశెట్టిగారి విత్తనాల అంగడి. ముందు ఒకటి, గోడౌన్‌లో ఒకటి, పెద్దాయన గదిలో ఒకటి, మొత్తం మూడు కంప్యూటర్లు.

ఆయన కొడుకు రమేశ్ ఎక్కడో చూసొచ్చి, నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ డబ్బా ఒకటి కొన్నాడు. డేటాబేస్ ఫైలు అందులో పెట్టమన్నాడు. వద్దని మొత్తుకున్నాను. అలాంటి ఫైలుకు ఒక కంప్యూటర్ కాపలా ఉండాలి, మిగతావి దాన్ని అడిగి రాయించుకోవాలి. డబ్బాలో పడేస్తే ముగ్గురూ ఒకేసారి అందులో చెయ్యి పెడతారు. మధ్యలో వైరు కదిలినా, కరెంటు రెప్పపాటు పోయినా ఫైలు పాడవుతుంది, లేదా తాళం పడిపోయి ఎవరికీ తెరుచుకోదు.

"యాడున్నా ఫైలే కదప్పా, నువ్వు శానా భయపెడతాండావు" అని నవ్వాడు. ఆ తర్వాత ఫైలు పాడవడం మామూలైపోయింది. తిట్లు మాత్రం నాకే.

పెద్దశెట్టిగారికి ఒక పట్టింపు ఉండేది. పొద్దున బోణీ బిల్లు తానే కొట్టాలి. అందాకా ఇంకెవరూ ఫైలు ముట్టకూడదు. ఆ బిల్లులో సరుకు ఉండదు, ధర ఉండదు, పేరు దగ్గర 'శ్రీ' అని మాత్రం కొట్టేవారు. సరుకు లేని బిల్లును నా ప్రోగ్రాం ఒప్పుకోదు. పోరు పడలేక ఆయన కంప్యూటర్ ఒక్కదానికే మినహాయింపు ఇచ్చాను. ఆయన తెరిచి ఉంచినంతసేపు మిగతావాళ్లకు ఫైలు మూసుకుపోయేలా కూడా చేసిపెట్టాను.

ఒక ఎండాకాలం ఆయన పోయారు. ఇంట్లోవాళ్లు ఆ కంప్యూటర్‌ను దేవుని గదిలో పెట్టి పూలమాల వేశారు. అంతకు ముందే అందులోని హార్డ్‌డిస్కు, నెట్‌వర్క్ కార్డు నేనే విప్పి రమేశ్ చేతికిచ్చాను. అతను వాటిని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. మిగిలింది ఉత్త రేకు పెట్టె. దానికి కరెంటు వైరు కూడా లేదు.

తొలకరి పడింది. వేరుశనగ విత్తనం కోసం రైతులు పొద్దున్నే అంగడి ముందు బారు కట్టారు. ఫైలు తెరుచుకోలేదు. 'పెద్దశెట్టి' అనే కంప్యూటర్ దాన్ని తన కోసమే తెరిచి పెట్టుకుందని తెర మీద పడింది. పెద్దాయన కంప్యూటర్‌కు పెట్టిన పేరది. నాకు ఫోను చేశారు, దొరికిన బస్సు పట్టుకుని పోయాను.

పాత తాళమేదో మిగిలిపోయిందనుకున్నాను. దాన్ని చెరిపేశాను. డబ్బాను ఆర్పి మళ్లీ వెలిగించాను. అదే పేరు. ఒళ్లు మండి, ఫైలును ముందున్న కంప్యూటర్‌లోకి కాపీ చేసి, నెట్‌వర్క్ వైరు పీకి చేత్తో పట్టుకున్నాను. ఇక ఆ కాపీని ముట్టడానికి ఇంకో కంప్యూటర్‌కు దారే లేదు. తెరవబోయాను. మళ్లీ అదే పేరు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

రమేశ్ అందరి ముందూ నా కాలర్ పట్టుకున్నాడు. "నువ్వే లోపల ఏందో పెట్టిండావు. నీ మాట ఇనకుండా డబ్బా కొన్యామని కక్ష గట్టినావు. ఈ పొద్దు ఇది తెరుచుకోకుంటే, ఈ బజార్లో నీకు యాడా పని దొరకనీను."

నా బతుకంతా ఆ బజారే. అయినా నేనూ తగ్గలేదు. చెప్పిన మాట చెవిన పెట్టనివాడికి కంప్యూటర్లెందుకని కేకలేశాను. "అదును పోతాండాదప్పా, మీ కొట్లాట తర్వాత పెట్టుకోండి" అని బయట రైతులు అరుస్తున్నారు.

గొడవ విని పెద్దశెట్టిగారి భార్య అంగడి వెనకున్న ఇంట్లోంచి వచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూడలేదు. వెనక్కి పోయి దేవుని గదిలో దీపం పెట్టి, మా చెవిన పడేంత గట్టిగా ఆ ఉత్త పెట్టెతో విసుగ్గా అంది. "బోణీ అయిపాయ గదా, ఇంగ ఇడిచిపెట్టండి. రైతులు ఎండలో నిలబడుండారు."

ఫైలు తెరుచుకుంది.

రమేశ్ నా కాలర్ వదిలి బిల్లు కొట్టబోయాడు. ఆ రోజుకు రెండో నంబరు వచ్చింది. ఒకటో బిల్లు అప్పటికే ఉంది. ఆ రోజు తేదీయే. సరుకు లేదు, ధర లేదు. పేరు దగ్గర 'శ్రీ'.

అతను తెర వంక చూసి, నా వంక చూశాడు. "ఈ బిల్లు మా నాయన కంప్యూటర్‌లో తప్ప పడదని నువ్వే గదా చెప్పింది. ఇంగెవురు కొడతారు, నువ్వు గాక?"

ఆ మాట బజారంతా పాకింది. నా అంగళ్లవాళ్లు ఒక్కొక్కరే నన్ను మాన్పించారు. బోణీ కోసం అంత పట్టుబట్టిన పెద్దాయన మీద కూడా నాకు కసి పుట్టింది. చచ్చి కూడా నా నోటి దగ్గర కూడు లాక్కున్నాడనిపించింది.

ఆ రోజు చేసినవన్నీ తర్వాత నా ఇంట్లో పదే పదే చేసి చూశాను. ఒక్కసారి కూడా అలా జరగలేదు. రమేశ్ ఇప్పటికీ నేనే చేశానంటాడు. అతని మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. కానీ ఆ పని నిజంగా నేనే చేసి ఉంటే బాగుండు. ఎలా చేశానో కనీసం నాకైనా తెలిసుండేది.