ఊరికే తిరిగిన దారికి బిల్లు

అద్దాలక్కకి చిన్నప్పటి నుంచీ గాజంటే పిచ్చి. తండ్రికి అద్దాలు కోసి అమర్చే కొట్టు ఉండేది. ఆయన బల్ల మీద గాజు పలక పరిచి, కత్తితో ఒక్క గీత గీసి, అంచు పట్టుకుని కాస్త వంచితే చాలు, గాజు టక్కుమని గీత వెంబడే విడిపోయేది. ఆ చప్పుడు కోసం ఆ పిల్ల బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేది. పెద్దయ్యాక కొట్టు ఆమె చేతికే వచ్చింది. పెళ్ళి కూడా గాజు పుణ్యమే. సరుకు తెచ్చే వ్యానతను గతుకుల్లో ఎంత నిదానంగా నడిపేవాడంటే, పక్కన కర్ర పట్టుకుని నడిచే ముసలాయన కూడా దాటి వెళ్ళిపోయేవాడు. ఇలాంటివాడు పిల్లని పదిలంగా చూసుకుంటాడని తండ్రి అనుకున్నాడు. ఆయన లెక్క తప్పలేదు.

భర్తది వ్యాను, ఆమెది కొలతా కోతా, మరిదిది మోత. పెద్ద అద్దం బిగించే పని ఉందంటే ఆమెకు ముందు రోజు నుంచే కాలు నిలిచేది కాదు. అత్తగారు విసుక్కునేది కూడా, అన్నం ముందు కూర్చుని గోడ మీద వేలితో చట్రాలు గీస్తున్నావేమిటని.

అంత ఉత్సాహంగా బయల్దేరి తీరా సైటుకి వెళ్తే అక్కడ ఏదో ఒకటి మిగిలిపోయి ఉండేది. చట్రం బిగించి ఉండదు. చట్రం ఉంటే గోడ పూత పచ్చిగా ఉంటుంది. రెండూ సరిగ్గా ఉంటే మెట్లకి అడ్డంగా ఇసుక గుట్ట. ఆ చుట్టుపక్కల లేచే భవనాల్లో సగం ఒక్క కాంట్రాక్టరువే. మనిషి చెడ్డవాడు కాదు. కానీ "రేపు రామ్మా" అన్న మాట ఆయన నోటికి మంచినీళ్ళు తాగినంత సులువు. అందుకే పనివాళ్ళు చాటుగా ఆయన్ని రేపుగారు అనేవాళ్ళు.

ఒకసారి ఆయన కడుతున్న జిమ్ముకి నిలువుటద్దాలు తీసుకెళ్ళారు. గోడ తడిగా ఉందని వెనక్కి పంపారు. మళ్ళీ వెళ్తే కరెంటు పని కాలేదన్నారు. మూడోసారి కూడా వెనక్కి తిప్పారు. ఆ దారిలో ఒక సైకిలతను అడ్డం వచ్చేసరికి, ఎన్నడూ గట్టిగా బ్రేకు వేయని భర్త బ్రేకు మీద నిలబడాల్సి వచ్చింది. సైకిలతనికి ఏమీ కాలేదు. వెనక ఎక్కించిన నిలువుటద్దాల్లో ఒకటి మాత్రం ముక్కలైంది.

ఇంటికి వచ్చాక ఆమె చెప్పులైనా విప్పకుండా, ఇక ఊరికే తిప్పించుకుంటే దానికీ బిల్లు వేస్తానంది. ఉన్న పనులు కూడా ఊడతాయని భర్త భయపడ్డాడు. ఆరిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు తలెత్తింది.

"బస్సెక్కి మధ్యలో దిగిపోతే టికెట్ డబ్బులు వెనక్కిస్తారట్రా? ఇది అలాంటిదే, వెయ్యనీ." కోడలి ముఖం వెలిగేలోపే ఇంకో మాట అడిగింది. "మరి నీ వల్ల వాళ్ళ పని ఆగిందనుకో, అప్పుడెవరిస్తారు?"

కోడలు ఆ ప్రశ్ననీ లెక్కలో వేసుకుంది. ఆ తర్వాత కొట్టు రసీదుల మీద రెండు వాక్యాలు అచ్చువేయించింది. సైటు సిద్ధమని మీరు చెప్పాక మేం వచ్చి వెనుతిరిగితే ఖర్చు మీది. మా వల్ల మీ పని ఆగితే ఖర్చు మాది.

మొదటి వారంలోనే వింత జరిగింది. ఎన్నడూ ఫోన్ చేయనివాళ్ళు చేయసాగారు. ఇంకా మేస్త్రీ రాలేదండీ, రేపు బయల్దేరకండి అని ఒకరు, చట్రం ఫొటో పంపాను చూసి చెప్పండి అని ఇంకొకరు. ఫోన్ మోగినప్పుడల్లా ఆమె భర్త వైపు చూసి కళ్ళెగరేసేది. అతనికీ లోపల సరదాగానే ఉంది. పైకి ఒప్పుకోడంతే.

ఇక మిగిలింది రేపుగారు. ఆయనకూ షరతు ముందే చెప్పింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత అలవాటు ప్రకారం ఒక మేడ పని దగ్గర్నుంచి వెనక్కి పంపాడు. మర్నాడే బిల్లు వెళ్ళింది. ఆ మధ్యాహ్నం కాగితం చేత్తో పట్టుకుని ఆయనే కొట్టుకి వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, అన్నయ్యకే బిల్లేశావా? అదీ చెయ్యని పనికి?"

ఆమె అంచు నూరుతున్న గాజు వదల్లేదు. "చేసిన పనికే వేశాను అన్నయ్యా. ఎక్కించాం, వచ్చాం, దించాం, మళ్ళీ ఎక్కించాం. బిగించడమొక్కటే మీరు చెయ్యనివ్వలేదు."

ఊళ్ళో అద్దాలవాళ్ళకి కరువేం లేదని చెప్పి, బిల్లు బల్ల మీద పడేసి ఆయన వెళ్ళిపోయాడు. అన్నట్టే పని ఇవ్వడం మానేశాడు. భర్త వ్యానులో ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం మొదలుపెట్టాడు. బీరువాలే నయం వదినా, జారినా పగలవు అని మరిది నవ్వించాలని చూశాడు. ఆమె నవ్వింది కానీ రసీదు మీద వాక్యాలు మాత్రం తీయించలేదు.

ఎండలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో రేపుగారు మళ్ళీ వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా పాత బిల్లు కట్టేసి, ఆ తర్వాత కూర్చున్నాడు. కూడలి దగ్గర బట్టల దుకాణం కడుతున్నాడట. పై అంతస్తు ముందు భాగమంతా ఒకే గాజు కావాలని యజమాని పట్టు. ఒక అద్దాలాయన చూసి దండం పెట్టేశాడు. ఇంకొకాయన ఎక్కించబోయి పగలగొట్టాడు. ఆ పలక కొలతలు వింటుంటే ఆమెకు చేతులు ఊరికే ఉండటం లేదు. ఆయన రెండు వాక్యాలూ చదివి, రెండోది నీకు అవసరం రాదులే అని సంతకం పెట్టాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె ఓపిక పట్టి, లోపలికి పరుగెత్తి అత్తగారిని పట్టుకుని గిర్రున తిప్పేసింది.

చెప్పిన రోజున కూడలికి చేరేసరికి ఆమె తన కళ్ళను తనే నమ్మలేదు. రోడ్డు పక్కన శుభ్రంగా ఊడ్చి ఉంది. చట్రం నిటారుగా ఉంది. క్రేను వచ్చి నిలబడింది. రేపుగారు స్వయంగా చీపురు పట్టుకుని మూలల్లో సిమెంటు పొడి దులుపుతున్నాడు. ఆమె నిచ్చెన ఎక్కి ఆఖరుసారి టేపు పట్టింది. మళ్ళీ పట్టింది. గాజు గోరంత వెడల్పు ఎక్కువ. కొలతకి వచ్చిన రోజు సంబరంలో లోపలి గాడి బదులు బయటి అంచు కొలిచేసింది. కొలిమిలో కాల్చి గట్టిపరిచిన గాజు అది. ఇక కోయడానికి లేదు, కోస్తే మొత్తం పొడైపోతుంది.

తప్పు ఎవరిదో అక్కడెవరికీ తెలీదు. చట్రం వంకరని ఒక్క మాట అంటే సరిపోయేది. మరిది ఆ మాట పెదవుల దాకా తెచ్చాడు కూడా. ఆమె చూపుతో ఆపింది.

"అన్నయ్యా, కొలత నేనే తప్పు తీశాను. ఈ రాకపోకల ఖర్చు నాది. క్రేను అద్దె, మీ మనుషుల కూలీ నాకు బిల్లెయ్యండి."

ఆయన చీపురు గోడకి ఆనించాడు. "వేస్తాను. తగ్గించమంటే తగ్గించను."

"అడగను."

"మరి మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా? రేపా?"

పనివాళ్ళంతా గొల్లుమన్నారు. ఆ పేరు సంగతి ఆయనకి ముందే తెలుసని వాళ్ళకు అప్పుడే అర్థమైంది. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది కూడా ఆయనే. బిల్లు మాత్రం పూర్తిగా వసూలు చేశాడు.

కొత్త గాజు వచ్చిన రోజు అత్తగారు కూడా వచ్చి కాలిబాట మీద నిలబడింది. గాలి పీల్చి అతుక్కునే రబ్బరు కప్పులు గాజుని పట్టుకున్నాయి, క్రేను మెల్లగా లేపింది. సగం ఎత్తుకి వెళ్ళేసరికి గాలి తిరిగింది. ఇంటి గోడంత గాజు తెరచాపలా పక్కకి ఊగింది. కింద జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఊగకుండా గాజుకి కట్టిన రెండు తాళ్ళలో ఒకదాని మీద భర్త బరువంతా వేశాడు. రెండో తాడు పట్టుకున్న కుర్రాడి చేతులు జారుతుంటే రేపుగారు వెళ్ళి ఆ తాడు అందుకుని కాళ్ళు తన్నిపట్టి నిలబడ్డాడు. పైన పరంజా మీద నిలబడి అద్దాలక్క చేత్తో సైగలు చేస్తోంది. కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆపు, దించు. గాజు అంచు గాడిలోకి మెత్తగా దిగింది. ఆమె కప్పులు ఒక్కొక్కటే ఊడదీసింది. కదల్లేదు. కూడలిలో ఆగిపోయిన బస్సు డ్రైవరు ముందుగా చప్పట్లు కొట్టాడు. ఆ వెంటనే వీధి వీధంతా కొట్టింది. ఆమె వెంటనే దిగలేక అక్కడే కూర్చుండిపోయింది.

కింద అత్తగారు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. "ఇంతకీ అద్దమేదిరా? ఇంకా పెట్టలేదా?" అని కొడుకుని అడిగింది. అంత తేటగా ఉంది ఆ గాజు. జీవితంలో తన పనికి దొరికిన పెద్ద మెప్పు అదేనని అద్దాలక్క ఇప్పటికీ చెబుతుంది.

ఆ తర్వాత కరెంటతను, నాపరాళ్ళు పరిచేవాళ్ళు కూడా అవే వాక్యాలు తమ రసీదుల మీద వేయించుకున్నారు. రేపుగారి సైట్లలో చీపురు కట్టలు ఎక్కువయ్యాయి. ఒక రోజు ఆయన కొట్టుకి వచ్చి కాస్త మొహమాటపడుతూ కుర్చీ లాక్కున్నాడు. ఒక ఇంటావిడ రంగు ఎంచుకోలేక మనుషుల్ని వారం రోజులుగా వెనక్కి పంపుతోందట. మర్యాద తప్పకుండా, గట్టిగా తగిలేలా బిల్లు ఎలా రాయాలో చెప్పమన్నాడు. ఆమె చెబుతుంటే పొందిగ్గా రాసుకున్నాడు.